తొలి మేయరు మాడపాటి హనుమంతరావు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసిపెట్టమని మన పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు అడగగానే, కొండా వెంకట రంగారెడ్డి గారి గురించే రాస్తానని మిత్రులందరూ అనేసుకున్నారు. అనుకోవడంలో వింత లేదు. పెద్దమంగళారంలో పుట్టిన మనిషి, ఉపముఖ్యమంత్రి చేసిన మనిషి, మన జిల్లాకు పేరిచ్చిన మనిషి. ఈ చుట్టుపక్కల బడుల్లో చదివినవాళ్లకు ఆయన గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. అందుకని ఆయనతో కలిసి నడిచిన, ఆయనకంటే అయిదారేళ్లు పెద్దవారైన, మనవైపు అంతగా తలచుకోని ఇంకొకరిని ఎంచుకున్నాను. ఆయన మాడపాటి హనుమంతరావు గారు. హైదరాబాదు నగరానికి తొలి మేయరు.

ఇప్పుడే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2025లో మన చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి. నిన్నటిదాకా మనకు తెలిసింది గ్రామ పంచాయతీ. సర్పంచ్ ఇంటికి పోయి అడగడం, గ్రామసభలో లేచి నిలబడి నిలదీయడం, చావడి దగ్గర మాటా మాటా అనుకుని సాయంత్రానికి కలిసిపోవడం. ఇప్పుడు వార్డులు, కౌన్సిల్, చైర్‌పర్సన్, కమిషనర్, ఇంటి అనుమతికి ఆన్‌లైన్ దరఖాస్తు. పన్ను పెరుగుతుందేమోనన్న బెంగ ఒకవైపు, భూమి ధర పెరుగుతుందన్న ఆశ ఇంకోవైపు. ఈ రెండింటి గురించి మనవాళ్లు గంటలకొద్దీ మాట్లాడుతున్నారు. కౌన్సిల్ అనేది ఎలా కూర్చుంటుంది, ఎలా తేలుస్తుంది అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. ముప్ఫై ఏళ్లుగా రోడ్ల ఎస్టిమేట్లు, మురుగుకాల్వల లెవెళ్లు పట్టుకుని కౌన్సిల్ హాళ్లలో వెనక వరుస కుర్చీల్లో కూర్చున్నవాణ్ని. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, మన ఊళ్లకు ముందుగా కావలసింది ఆ సంగతే. అది మాడపాటి వారి జీవితంలో దొరుకుతుంది.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామల చాటున సూర్యాపేటలో పెరిగారు. అంటే పుట్టింది ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో, పెరిగింది నిజాం ఏలుబడిలో. చదువు ఉర్దూ, ఫార్సీల్లో సాగింది. తెలుగు ఇంటి భాష. హనుమకొండలో మెట్రిక్యులేషన్ ముగించి, అక్కడే విద్యాశాఖలో కొన్నేళ్లు కొలువు చేశారు. తర్వాత హైదరాబాదుకు వచ్చి ప్రభుత్వ శాసన విభాగంలో అనువాదకుడిగా చేరారు. వకీలు పరీక్ష ప్యాసై 1917లో వకాలతు మొదలుపెట్టారు. కథలూ రాశారు. మల్లికాగుచ్ఛము అనే ఆయన కథల పుస్తకం తెలంగాణ కథ గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఎత్తుతుంటారు. ఆ ముచ్చట మన తెలుగు సార్లకు వదిలేస్తున్నాను.

అనువాదకుడి ఉద్యోగం గురించి మాత్రం ఒక మాట. చట్టాన్ని ఒక భాష నుంచి ఇంకో భాషలోకి దించేవాడికి మాట విలువ తెలుస్తుంది. వచ్చును అన్నదానికీ వలెను అన్నదానికీ మధ్య ఒక రైతు పొలం పోవచ్చు. ఈ ఎరుక ఆయన్ని చివరిదాకా విడవలేదు.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు దానికి మూలపురుషులు. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. మాడపాటి వారు ఈ గ్రంథాలయాల పనిలో మునిగిపోయారు. గ్రంథాలయం అంటే మనకు పుస్తకాల బీరువాలే తోస్తాయి. ఆ రోజుల్లో అది అంతకుమించిన బడి. సభ్యత్వం ఉంటుంది, చందా ఉంటుంది. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, అందులో జమాఖర్చుల లెక్క, కార్యవర్గం ఎన్నిక. పటేలు చెప్పిందే మాట, దొర అన్నదే శాసనం అయిన రాజ్యంలో, చందా కట్టిన నలుగురు కూర్చుని చేతులెత్తి ఒక నిర్ణయం తీసుకోవడం, దాన్ని పుస్తకంలో రాసి సంతకం పెట్టడం, వచ్చే ఏడు ఆ పుస్తకం తీసి ఏమైందని అడగడం: ఇవన్నీ జనానికి కొత్త అలవాట్లు. ఎన్నికలు లేని రాజ్యంలో ఎన్నిక అంటే ఏమిటో తెలుగువాళ్లు నేర్చుకున్నది ఇలాంటి చోట్లే.

1921 నవంబర్ 12 నాటి సంగతి చాలామందికి తెలుసు. హైదరాబాదు వివేకవర్ధినీ థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన కార్వే పండితుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అది పెట్టుకున్న తొలి పిడికెడు మందిలో మాడపాటి వారున్నారు. తొలినాళ్లలో దానికి పెద్దరికం వహించినవాళ్లలో మన రంగారెడ్డి గారున్నారు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా ఆత్మగౌరవం దగ్గర ఆపేస్తారు. నాకు మరుసటి రోజు పని ముఖ్యంగా కనిపిస్తుంది. అవమానం జరిగితే కొట్లాటకు దిగవచ్చు, అలిగి ఇంటికి పోవచ్చు. వాళ్లు నిబంధనలు రాసుకున్నారు, సభ్యుల్ని చేర్చుకున్నారు. కార్యదర్శి బాధ్యత మాడపాటి వారి మీద పడింది. కార్యదర్శి అంటే వేదిక మీద కనబడే మనిషి కాదు. నోటీసులు పంపేవాడు, చర్చించాల్సిన విషయాలు వరస పెట్టేవాడు, తీర్మానం భాష సరిచేసేవాడు, దాన్ని సర్కారుకు పంపి జవాబు కోసం వెంటపడేవాడు. 1923లో ఊళ్లలోని సంఘాలన్నీ కలిపి ఆంధ్ర జన కేంద్ర సంఘం అయినప్పుడు కూడా ఆ బరువు ఆయనదే.

వెట్టిచాకిరి విషయంలో ఆయన పనితీరు చూడండి. అధికారి ఊళ్లోకి వస్తే మాదిగ, మాల, మంగలి, చాకలి, కుమ్మరి, బెస్త ఎవరి పని వాళ్లు ఊరికే చేసిపెట్టాలి. కోమటి సామాన్లు ఊరికే ఇవ్వాలి. ఈ బాధ మన చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో ముసలివాళ్లు చెప్పగా మనమూ విన్నదే. దీన్ని ఆపాలని నిజాం సర్కారే ఎప్పుడో ఉత్తర్వులిచ్చి ఉంది. కానీ అవి ఉర్దూలో, కచ్చేరి బీరువాల్లో. సంఘం ఆ ఉత్తర్వుల సంగతిని తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఊళ్లకు పంచింది. వర్తకుల హక్కుల మీదా అలాగే. అక్షరం వచ్చిన కోమటి గానీ, బడిపంతులు గానీ ఆ పుస్తకం చేతబట్టుకుని తహసీల్దారు ముందు నిలబడగలిగాడు. రాజ్యం తన సొంత కాగితానికి తానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది చప్పుడు లేని పోరాటం. చప్పుడు లేదు కాబట్టే చరిత్రలో దీనికి చోటు తక్కువ.

చప్పుడు చేయడానికి వీలూ లేదనుకోండి. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. ముందుగా అనుమతి లేనిదే సభ పెట్టడానికి లేదు. ఎవరు అధ్యక్షుడు, ఏ విషయాలు మాట్లాడతారు అన్నీ ముందే చెప్పాలి. ఇలాంటి చోట సభ నడపడానికి రెండు గుణాలు కావాలి: ఓపిక, చర్చను గీత దాటనివ్వని ఒడుపు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల. సిరిసిల్ల సభకు మాడపాటి వారు అధ్యక్షులు. మరుసటేడు మనకు దగ్గరి షాద్‌నగర్‌లో జరిగిన సభకు రంగారెడ్డి గారు అధ్యక్షులు. 1941 నాటి చిలుకూరు సభ గురించి చదివి అది మన బాలాజీ చిలుకూరు అని మురిసిపోయే మిత్రులున్నారు. కాదు, అది నల్గొండవైపు హుజూర్‌నగర్ దగ్గరి చిలుకూరు. ఈ సంచికలో అయినా ఆ పొరపాటు తీరిపోవాలి.

మహాసభలోకి కొత్త తరం వచ్చేసరికి మాడపాటి వారి నెమ్మది చాలామందికి నచ్చలేదు. విన్నపాలతో రాజ్యం మారదని యువకులు అన్నారు. 1944 భువనగిరి సభ నాటికి మహాసభ రెండుగా చీలింది. ఎవరిది సరి అన్న వాదన ఇక్కడ తెమిలేది కాదు. వెట్టిని ఊళ్లలోంచి తరిమింది చివరికి జనం తిరుగుబాటే అన్నది నిజం. ఆ జనానికి సభ, సంఘం, చందా, తీర్మానం అన్న మాటలు అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచీ అలవాటు చేసింది ఎవరన్నది కూడా నిజమే. నాకైతే ఆయన అతి జాగ్రత్తలో కొంత నష్టం కనిపిస్తుంది. పదేళ్లు ముందే గట్టిగా అడగాల్సిన మాటలు కొన్ని ఆయన చాలా మెత్తగా అడిగారు.

బాలికల బడి విషయంలో మాత్రం ఆ మెత్తదనం లేదు. 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెట్టారు. రాజ్యంలో పైచదువు ఉర్దూలో. తెలుగులో చదివిన పిల్లలకు గుర్తింపు ఎవరివ్వాలి? ఇక్కడ దొరకలేదు. అందుకని పూనాలో కార్వే పండితుడు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసి పరీక్షలు రాయించారు. తెలుగు మాట్లాడినవాణ్ని కూర్చోబెట్టిన ఆ 1921 సభకు అధ్యక్షుడైన కార్వే గారి విశ్వవిద్యాలయమే ఏడేళ్లకు పుట్టిన తెలుగు బడికి దారి చూపింది. మనం టీచర్లుగా, ఇంజనీర్లుగా స్థిరపడ్డాక మరిచిపోతాం గానీ, గుర్తింపు కాగితం లేని బడిని నడపడం ఎంత కష్టమో మన బడి తొలినాళ్లు చూసిన సార్లకు తెలుసు.

ఇక అసలు ఘట్టం. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన పోయి కొన్నాళ్లు మిలిటరీ గవర్నరు, ఆ తర్వాత వెల్లోడి గారి ప్రభుత్వం వచ్చాయి. 1950లో కొత్త కార్పొరేషన్ చట్టం వచ్చింది. హైదరాబాదుకు ఒకటి, సికింద్రాబాదుకు ఒకటి, రెండు కార్పొరేషన్లు. 1951లో మాడపాటి వారు హైదరాబాదుకు తొలి మేయరయ్యారు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రజా మంత్రివర్గం 1952లో గానీ రాలేదు. అంటే రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి రాకముందే నగరానికి మేయరు వచ్చాడు.

ఆ నగరం మామూలుది కాదు. సికింద్రాబాదుతో కలిపి పది లక్షలు దాటిన జనం. సాలార్‌జంగ్ కాలంలో 1869లో మున్సిపాలిటీ మొదలైనా, దాన్ని నడిపింది అధికార్లే, పెద్దమనుషుల్ని సర్కారే నియమించేది. 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చి రోడ్లు వెడల్పు చేసింది, కొత్త పేటలు కట్టింది. మంచి పనులే. వాటిలో ఉండే జనాన్ని అడిగి చేసినవి కావు. 1933 చట్టంతో కార్పొరేషన్ అయింది, ఎన్నికలు వచ్చాయి, ఓటు కొద్దిమందికే. 1942లో ఆ హోదా కూడా పోయింది. ఎనభై ఏళ్లు పైనుంచి కిందికి నడిచిన నగరాన్ని, కింది నుంచి వచ్చిన సభ్యులతో నడిపించాల్సిన కుర్చీ అది.

ఆ కుర్చీకి ఉన్న అధికారం ఎంత? ఇక్కడ చాలామంది పొరబడతారు. మేయరు అంటే నగరానికి ముఖ్యమంత్రి లాంటివాడని అనుకుంటారు. కాదు. 1888 నాటి బొంబాయి చట్టం నుంచి మన దేశంలో పెద్ద నగరాలకు ఒక పద్ధతి స్థిరపడింది. ఉత్తర్వులిచ్చేది, ఉద్యోగుల్ని నడిపించేది, బిల్లులు చెల్లించేది ప్రభుత్వం పంపిన కమిషనర్. విధానం నిర్ణయించేది, బడ్జెట్ ఆమోదించేది, లెక్క అడిగేది ఎన్నికైన సభ. మధ్యలో స్టాండింగ్ కమిటీ. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ఈ మూడింటినీ వేరువేరు అధికార స్థానాలుగానే చెబుతుంది. జీహెచ్‌ఎంసీకి ఈనాటికీ మూలం ఆ చట్టమే. ఇందులో మేయరు పని సభకు అధ్యక్షత వహించడం. ఆయన చేతిలో ఉన్నవి అజెండా, గంట, సభ నడిపే తీరు. అంతే.

అంతేనా అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు వెనక వరుసలో కూర్చున్నాక నాకు అది చిన్నదిగా కనబడదు. ఒక మురుగుకాల్వ సంగతి తీసుకోండి. ఇంజనీరింగ్ విభాగం సర్వే చేసి ఎస్టిమేట్ వేస్తుంది. కమిషనర్ నోట్ పెడతారు. అది అజెండాలో ఒక నంబరుగా చేరుతుంది. సమావేశానికి కొన్ని రోజుల ముందే సభ్యులందరికీ ఆ కాగితం అందాలి. అందితే ఆ వార్డు సభ్యుడు గల్లీలోకి వెళ్లి నాలుగు ఇళ్లవాళ్లను అడుగుతాడు, నీళ్లు ఎటు పోతాయో చూస్తాడు. సభలో లేచి, ఇక్కడ వాలు ఇటు కాదు అటు అని చెబుతాడు. ఇంజనీరు జవాబు చెప్పాలి. ఒప్పుకోనివాడి అభ్యంతరం మినిట్స్‌లోకి ఎక్కాలి. అప్పుడు చేతులెత్తడం, తీర్మానం నంబరు, తర్వాత టెండరు, పని. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా ఆ తప్పు పదేళ్ల తర్వాత వానాకాలంలో ఇళ్లలోకి వస్తుంది.

ఒక ఊళ్లో, పేరు వద్దు, నేను నెల రోజులు తిరిగి తీసిన లెవెళ్లతో ఒక కాల్వ అలైన్‌మెంట్ ఇచ్చాను. సమావేశం రోజు దాన్ని మార్చి టేబుల్ ఐటంగా పెట్టారు. టేబుల్ ఐటం అంటే ముందుగా పంచిన అజెండాలో లేకుండా, అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే కాగితం. అత్యవసరాల కోసం ఉన్న వెసులుబాటు అది. ఎవరూ చదవలేదు. అందరూ బల్లలు చరిచారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మారిన కాల్వ ఒకరి ప్లాటును తప్పించుకుని ఎత్తు వైపుకు పోయింది. మూడో ఏడు వానకు దిగువ కాలనీలో మోకాలి లోతు నీళ్లు. ఆ కాలనీవాళ్లు కమిషనర్‌ను తిట్టారు, మా శాఖను తిట్టారు. ఆ రెండు నిమిషాల గురించి వాళ్లకు తెలియనే తెలియదు.

కాబట్టి గంట, అజెండా ఎవరి చేతిలో ఉన్నాయన్నది చిన్న విషయం కాదు. మాడపాటి వారిని సభ్యులు ఒకసారి కాదు, 1951 నుంచి 1954 వరకు వరసగా మూడుమార్లు మేయరుగా పెట్టుకున్నారు. అప్పట్లో మేయరు పదవీకాలం ఒక ఏడాదే. ఏటా సభ్యుల ముందుకు పోవాలి. ఎందుకు పెట్టుకున్నారన్నదానికి నా అంచనా నేను చెబుతాను. ఆ సభలో ఉర్దూ మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, మార్వాడీ వ్యాపారులు ఉండే నగరపు జనమంతా ప్రతిఫలించాలి. రజాకార్ల రోజులు, పోలీసు చర్య గడిచి మూడేళ్లు కూడా కాలేదు. పాతబస్తీ మనసులో ఏముందో, కొత్త పేటల మనసులో ఏముందో ఊహించుకోవచ్చు. అలాంటి హాలులో అందరికీ అర్థమయ్యే ఉర్దూ ఉన్నవాడు, చట్టం చదివినవాడు, ముప్ఫై ఏళ్లుగా నిబంధనల ప్రకారం సభలు నడిపినవాడు, ఎవరి మీదా గొంతు లేపని పేరున్నవాడు కుర్చీలో ఉంటే, ఓడిపోయినవాడు కూడా ఆ నిర్ణయాన్ని ఒప్పుకుని ఇంటికి పోగలడు. సభకు కావలసింది అదే. గెలిచినవాడు ఎలాగూ ఒప్పుకుంటాడు.

ఇంకో సంగతి మన ఊళ్లకు దగ్గరిది. ఆ పది లక్షల మంది నగరం తాగింది మన నీళ్లు. మూసీ మీద గండిపేట 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. గండిపేట నీళ్లు పంపు అవసరం లేకుండా వాలు మీదనే కాల్వలో ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా పోయేవి. ఇప్పటికీ ఆ లెవెళ్లు చూస్తే నాబోటివాడికి చేతులు జోడించాలనిపిస్తుంది. మంజీర నీళ్లు 1960ల్లో గానీ రాలేదు. మాడపాటి వారు మేయరుగా ఉన్న కాలమంతా నగరం గొంతు తడిపింది ఈ రెండు చెరువులే. మొయినాబాద్ వైపు వాన పడితే నగరానికి నీళ్లు. కానీ ఆ నగర సభలో మొయినాబాద్ మనిషికి కుర్చీ లేదు. 1996లో 111 జీవో వచ్చి ఎనభై నాలుగు ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టినప్పుడూ, 2022లో 69 జీవోతో వాటిని సడలించినప్పుడూ నిర్ణయం మన ఊళ్ల బయటే జరిగింది. మంచిదా చెడ్డదా అన్న వాదన మనలో మనకే తెగదు. పొలం ఉన్నవాడిది ఒక మాట, చెరువు చూసినవాడిది ఇంకో మాట. మన వాదన వినే సభ మాత్రం అప్పుడు మన దగ్గర లేదు.

ఇప్పుడు ఉంది. అయితే పంచాయతీకి, దీనికి తేడా తెలుసుకోవాలి. గ్రామసభలో ఓటరు ప్రతివాడూ సభ్యుడే. కౌన్సిల్‌లో ఓటు వార్డు సభ్యులది, ఎక్స్ అఫీషియో సభ్యులది. చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది కూడా వాళ్లే. మనం లేచి మాట్లాడే చోటు పోయింది. దానికి బదులుగా 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం వార్డు కమిటీలు పెట్టింది. ప్రతి వార్డుకు నాలుగు: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ఊళ్లో పేరున్నవాళ్లకు; ఒక్కోదానిలో పదిహేను మంది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. కమిటీలు చాలాచోట్ల కాగితం మీదే ఉంటాయి. మన దగ్గర అలా ఉండనక్కర్లేదు. మన బ్యాచ్‌లన్నీ కలిపితే రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు, నాలాంటి ఇంజనీర్లు ఎంతమంది ఉన్నారో ఈ సంచిక వెనక పేజీల జాబితా చూస్తేనే తెలుస్తుంది. అజెండా కాపీ అడిగి తెచ్చుకుని చదవడానికి పదవి అక్కర్లేదు. టేబుల్ ఐటం ఎందుకు పెట్టారని మన వార్డు సభ్యుణ్ని అడగడానికీ అక్కర్లేదు.

మాడపాటి వారి దగ్గరికే వద్దాం. మేయరు పదవి అయ్యాక 1955లో పద్మభూషణ్ వచ్చింది. తెలంగాణ ఆంధ్రోద్యమము అని రెండు భాగాల పుస్తకం అంతకుముందే రాశారు. ఏ సభ ఎక్కడ జరిగింది, ఎవరు అధ్యక్షులు, ఏ తీర్మానం చేశారు, సర్కారు ఏమంది, అన్నీ వరసగా ఉంటాయి. నవల చదివినట్టు చదవలేం. కానీ ఆ కాలం గురించి పరిశోధించేవాడు అది తెరవకుండా ముందుకు పోలేడు. కార్యదర్శిగా పోగుచేసిన కాగితాలే ఆయన రాసిన చరిత్ర అయ్యాయి.

1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. 1964 దాకా ఉన్నారు. మళ్లీ అదే పని: గంట, అజెండా, లేచినవాడికి మాట ఇవ్వడం, మించినవాణ్ని కూర్చోబెట్టడం. డెబ్భై మూడేళ్ల వయసులో మొదలుపెట్టి డెబ్భై తొమ్మిది దాకా చేశారు. ఆ మధ్యలోనే, 1960లో, ఆయన తొలి మేయరుగా కూర్చున్న హైదరాబాదు కార్పొరేషన్, పక్కనున్న సికింద్రాబాదు కార్పొరేషన్ ఒకటయ్యాయి. అప్పుడు ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రి రంగారెడ్డి గారు. 1921 నాటి ఆ చిన్న సంఘంలోని ఇద్దరు, ఒకరు మండలి పెద్దగా, ఒకరు మంత్రివర్గంలో.

ఇద్దరూ 1970లోనే పోయారు. రంగారెడ్డి గారు జులై 24న, మాడపాటి వారు నవంబర్ 11న. ఎనిమిదేళ్లకు, 1978లో, హైదరాబాదు చుట్టూ ఉన్న ఊళ్లతో కొత్త జిల్లా వచ్చి, దానికి రంగారెడ్డి గారి పేరు పడింది. మాడపాటి వారి పేరు నారాయణగూడలో ఆయన పెట్టిన బాలికల బడికి ఉంది. చూడాలనుకున్నవాళ్లు చేవెళ్ల బస్సులో మెహదీపట్నం దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. బడి నడిచే రోజు వెళ్తే మంచిది, గేటు దగ్గర చెప్పి లోపలికి పోవచ్చు.